వలసకథలలో ఇంటిపట్టున నిలిచిన పెద్దలు

పొట్టకూటికై పరదేశములకు తరలిన స్త్రీలను గూర్చిన కథలు, చలనచిత్రములు మన దక్షిణభాషలలో ఇప్పటికి కొన్ని వచ్చినవి. వానినన్నిటిని ఏకరువు పెట్టుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. స్త్రీ ఇల్లు విడిచిన పిమ్మట ఆ యింట మిగిలిన వృద్ధులను ఈ రచనలు ఎంతవరకు చూచినవి అను ఒక్క విషయమునే ఇచట విచారింపదలచితిని. మన ప్రాంతపు పాఠకులకు ఇది పరాయి విషయము కాదు. యానామును చుట్టియున్న గోదావరి మండలములనుండియు, కడప సీమనుండియు ఎందరో స్త్రీలు కువైటు మొదలగు దేశములకు ఇంటిపనికై పోవుచున్నారు. వారి కన్నవారో, అత్తమామలో ఊరిలో ఉండిపోవుచున్నారు.

వలస మనకు క్రొత్త కాదు. గంజాము, శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి మన పురుషులు తరతరములుగా రంగూను వెళ్లిరి. 1942లో యుద్ధము తరుముకొని రాగా పలువురు కాలినడకన తిరిగివచ్చిరి. కుమారుడు రంగూనులో ఉన్నాడనుట ఆనాడు ఇంటికి గౌరవమే గాని, తల్లిదండ్రులను గాలికి వదలినాడని ఎవ్వరును అనలేదు. ఎందుచేత? ఇంట కోడలు ఉన్నది గనుక. మామగారికి వేడినీళ్లు కాచుట, అత్తగారికి కషాయము పెట్టుట ఆమె పని. ఆమె అచట ఉన్నదన్న ధైర్యమే ఆ పురుషుని పడవ ఎక్కించినది. ఇపుడు ఆ కోడలే విమానము ఎక్కుచున్నది. పురుషుడు పోయిన దానికి వలస యని పేరు పెట్టిన లోకము స్త్రీ పోయిన దానికి మాత్రము వదలిపోవుట యని పేరు పెట్టుచున్నది. ఈ పక్షపాతము నిత్యవ్యవహారములోనే కాదు, కథలు చెప్పు తీరులోనే కలదు.

మలయాళమున 2011లో కమల్ దర్శకత్వమున వచ్చిన 'గద్దామ' చిత్రమును చూడుడు. పనికత్తె యను అర్థముగల అరబ్బీ పదమే దాని పేరు. సౌదీ అరేబియాలో ఒక యింట పనికి కుదిరి, యజమానుల హింసకు తాళలేక పారిపోయిన అశ్వతి అను యువతి కథ అది. కావ్యా మాధవన్ ఆ పాత్రను నిగ్రహముతో పోషించినది. యజమాని యింటి గోడలవెనుక జరుగు దానిని ఇంత సూటిగా చూపిన చిత్రములు తక్కువ. అయినను అందులో స్వగ్రామము జ్ఞాపకముగా మాత్రమే వచ్చిపోవును. అశ్వతి ఎడారిలో పరుగెత్తుచున్న ఆ దినములలో ఆమె యింటి పెద్దలు ఏమి తినుచున్నారు, ఎవరిని అడిగి సమాచారము తెలిసికొనుచున్నారు అను ఊహకు ఆ కథలో చోటు దొరకలేదు. కథానాయిక ఆపదయే ప్రధానమయినపుడు ఇది కొంతవరకు సహజమే యని ఒప్పుకొందును.

పాయల్ కపాడియా చిత్రము 'ఆల్ వుయ్ ఇమాజిన్ యాజ్ లైట్' విషయమున మాత్రము ఇట్టి మినహాయింపు చెల్లదు. 2024లో కాన్ చిత్రోత్సవమున గ్రాండ్ ప్రి పురస్కారము పొందిన ఈ కృతి అతి సూక్ష్మదృష్టి గలది. బొంబాయిలో నర్సులుగా నున్న ఇద్దరు మలయాళ యువతులు, ప్రభ, అను. ఆ వైద్యశాలలోనే వంటచేయు పార్వతి యను మరాఠీ వితంతువు: వీరి ముగ్గురి కథ. ఆ నగరమున మిల్లులలో పనిచేసిన పద్మశాలీల సంతతివారు, కామాఠీలు ఈ చిత్రములోని ఇరుకుగదులను గుర్తుపట్టక మానరు. ప్రభ సంరక్షణలో ఒక వృద్ధురాలు కలదు. చనిపోయిన భర్త తనకు కనబడుచున్నాడని ఆమె చెప్పును. ప్రభ ఓపికగా వినును. ఆ మంచము, ఆ వార్ధక్యము, ఆ భ్రాంతి, వానికి తోడయిన మెత్తని మాట: చిత్రమున నాకు మిక్కిలి నచ్చిన ఘట్టము అది. కాని ప్రభకును ఊరిలో పెద్దలుందురు గదా. వారి మంచము ప్రక్క ఎవరున్నారు? అను తల్లిదండ్రులు మనకు ఫోనుద్వారా మాత్రమే పరిచయమగుదురు. వచ్చినపుడెల్ల ఆమెకు పెండ్లిసంబంధములను గూర్చియే చెప్పుదురు. అనగా వారు కుమార్తె స్వేచ్ఛకు అడ్డుపడు గొంతులు. వారికి నడుమునొప్పి లేదు, కంటిలో శుక్లము లేదు, వర్షాకాలమున కారు పైకప్పు లేదు. ఒకరి తల్లికి ఊపిరియు దేహమును ఇచ్చిన దర్శకురాలు, ఆ తల్లికి పరిచర్య చేయు స్త్రీల కన్నవారికి గొంతు మాత్రమే ఇచ్చినది. ఇది ఆమె ఒక్కతె లోపము కాదు. వలసకథకు మనము అలవాటుపడిన చట్రము.

ఆ చట్రములో ఇమడనిది ఒకటి కలదు. ఇంట నిలిచిన వృద్ధురాలు కేవలము ఎదురుచూచునది కాదు, పనిచేయునది. ప్రవాస తనిఖీ అవసరమైన పాసుపోర్టుపై గల్ఫునకు పోవు స్త్రీకి 30 సంవత్సరములు నిండవలెనను నియమము ఏర్పడినది. కాబట్టి పోవునామె సాధారణముగా బిడ్డల తల్లియే. అప్పటికి ఆమె తల్లికో అత్తకో యాబది దాటియుండును. ఆ పిల్లలకు అన్నము వండి, బడికి పంపి, జ్వరము వచ్చినపుడు రాత్రులు మేలుకొనునది ఆ పెద్దామెయే. ఆమె ఒప్పుకొననిచో ప్రయాణమే లేదు. ఒప్పందము ఒక్కసారికి రెండేండ్లు. అది అయిదుసార్లు సాగినచో పదియేండ్లు గడచును. మొదటి ఒప్పందమున పిల్లలను ఎత్తుకొని తిరిగిన చేతులు అయిదవదాని నాటికి గోడ పట్టుకొని నడచుచుండును. సంరక్షకురాలు ఏనాడు సంరక్షణ కావలసినదిగా మారినదో ఇంటిలో ఎవ్వరును గుర్తింపరు, ఆమెయు చెప్పదు. చెప్పినచో కూతురు వచ్చివేయునేమో, వచ్చివేసినచో అప్పు మిగులునేమో యని భయము.

కువైటు గడియారము మనకంటె రెండున్నర గంటలు వెనుక. పనిముగించుకొని ఆమె అచట రాత్రి పదింటికి ఫోను చేసినచో ఇచట పన్నెండున్నర. యానాము దాపున నేనెరిగిన ఒక ముదుసలి ఆ వేళవరకు కూర్చుండియే యుండెడిది. "పడుకుంటే మెలకువ రాదు బాబూ, రాకపోతే అమ్మడు కంగారు పడుద్ది" అని ఆమె సమాధానము. కూతురు పంపిన డబ్బుతో కట్టిన పక్కాయింటి వరండాలోనే ఆ నిరీక్షణ. అలమరలో టైగర్ బామ్ సీసాలు వరుసగా నుండెడివి. మోకాళ్లకు తానే రాసికొనెడిది. వీపునకు మాత్రము చేయి అందెడిది కాదు. డబ్బు వలన ఆమెకు మేలు కలుగలేదనుట అసత్యము. మందులు, కంటి శస్త్రచికిత్స, కల్లములేని రోజులలో తిండిగింజలు అన్నియు దానివలననే సమకూరినవి. ఆ మేలును, వీపునకందని చేతిని ఒకే పుటలో చెప్పగల రచన కావలెను. నేను చదివినవి ఏదో యొకదానినే చెప్పినవి.

శాసనములయందును ఈ వెలితియే కనిపించును. 1987లో కశీరావు రాజారామ్ సవాయి వ్యాజ్యమున సుప్రీంకోర్టు, పెండ్లియైన కుమార్తెయు తండ్రిని పోషింపవలసినదే యని తీర్పు చెప్పినది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము కుమారునితోపాటు కుమార్తెను, మనుమని, మనుమరాలిని పేర్కొన్నది. కోడలిని సంతానముగా పేర్కొనలేదు. వాస్తవమున పరిచర్య అంతయు చేయునది ఆమె. శాసనము దృష్టిలో ఆమె లేదు. పోషణ యనగా ఆహారము, వస్త్రము, వసతి, వైద్యము అని ఆ చట్టము నిర్వచించినది. వీపునకు మందు రాయుట ఏ పద్దు క్రిందికి వచ్చునో న్యాయవాదులు చెప్పవలెను.

కొందరు పెద్దలు దీనికి స్త్రీలు పోకుండుటయే మందని సభలలో సెలవిచ్చుచుందురు. పోవుచున్నది అప్పు తీర్చుటకు, ఆడపిల్ల పెండ్లికి, ఆ పెద్దల మందులకే యను సంగతి వారు మరతురు. ఇంట నున్న కుమారుడు తల్లికి గంజి కాచిన తప్పేమియో కూడ వారు చెప్పరు. భార్య కువైటులో ఉండగా తల్లికి తానే స్నానము చేయించు పురుషులను మా ప్రాంతమున చూచితిని. వారు దానిని ఎవరికిని చెప్పుకొనరు. ఇరుగుపొరుగు నవ్వుదురని జంకు. ఏ కథకుడును వారి గుమ్మము త్రొక్కినట్లు లేదు. 'గద్దామ' ఎడారిదాకా వెళ్లగలిగినది, కపాడియా బొంబాయి వైద్యశాలలోని మంచముదాకా వెళ్లగలిగినది. మన తెలుగు కథకులకు ఆ గుమ్మము బస్సు దిగిన అల్లంత దూరములోనే యున్నది.