మృదంగం మోగితే గొంతు ఎందుకు అణగాలి?

సాయంత్రం అజాన్ వేళ కలకత్తా ఏక్‌బాల్‌పూర్‌లో డైమండ్ హార్బర్ రోడ్డు పక్కన నిలబడి వినండి. ఖిదిర్‌పూర్ రేవు వైపు పోయే లారీలు నేలను అదరగొడుతుంటాయి. అయినా మసీదు మీది హార్న్ స్పీకరు పలుకు చెవికి అందుతూనే ఉంటుంది. ఆ హార్నుకు మంద్రం పలకడం రాదు. లారీ ఇంజను బలమంతా మంద్రంలోనే ఉంటుంది. ఒకరి అంతస్తులోకి ఒకరు రారు.

కలకత్తాకు ఇలాంటి హార్ను పాత చుట్టమే. 1902 నవంబరులో రికార్డింగ్ ఇంజనీరు ఫ్రెడ్ గైస్‌బర్గ్ గాయని గౌహర్ జాన్ పాటను రికార్డు చేసింది ఈ ఊళ్లోనే. విద్యుత్తు లేని అప్పటి రికార్డింగ్ కొమ్ము నడిమి స్వరాలనే పట్టుకునేది. అడుగు మంద్రమూ పై మెరుపూ మైనం పళ్లెం దాకా చేరేవి కావు. అప్పట్లో ఏ స్వరాల పాయ (బ్యాండు) వినిపించాలో యంత్రమే నిర్ణయించింది. ఇప్పుడు స్టూడియోలో ఇంజనీరు బ్యాండ్లను కావాలని విడదీస్తాడు.

ఎందుకు విడదీయాలో మృదంగం చెబుతుంది. దాని ఎడమ మూతకు రవ్వ ముద్ద అంటించి గుమ్మని మోగిస్తారు కదా. పాట మొత్తానికి, పెద్ద శబ్దాన్ని అణిచే కంప్రెసర్ ఒక్కటే పెడితే అది ఆ గుమ్ముకు బెదిరి అన్నిటినీ కలిపి అణిచేస్తుంది. దెబ్బ పడిన ప్రతిసారీ గాయని గొంతూ వయొలినూ వెనక్కి తగ్గి, మళ్లీ పైకి లేస్తాయి. దీనికి ఇంజనీర్లు పెట్టిన పేరు పంపింగ్. తప్పు మృదంగానిది కాదు, అందరికీ కలిపి ఒకే కాపలాదారును పెట్టినవాడిది. అందుకే మల్టీబ్యాండ్ కంప్రెసర్ శబ్దాన్ని మూడు నాలుగు పాయలుగా చీల్చి, ఒక్కో పాయకు ఒక్కో కాపలా పెడుతుంది. తర్వాత అన్నిటినీ కలిపేస్తుంది.

ఈ ఆలోచనకు మన దేశంతో ఒక బంధుత్వముంది. ఇంజనీరు రే డాల్బీ 1963 నుంచి 1965 వరకు యునెస్కో సలహాదారుగా భారతదేశంలో పనిచేశాడు. తర్వాత లండన్ వెళ్లి 1965లో డాల్బీ లేబొరేటరీస్ పెట్టాడు. ఆయన బాధ టేపు చేసే 'స్స్' రొదతో. మెల్లని శబ్దాన్ని టేపుకెక్కేముందు పెంచి, వినేటప్పుడు అంతే తగ్గిస్తే రొద కూడా తగ్గుతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. పెద్ద మంద్ర స్వరం తన దగ్గరి రొదనే కప్పుతుంది, పైనున్న 'స్స్' జోలికి పోదు. ఒకే పాయగా చేస్తే డోలు మోగినప్పుడల్లా రొద ఎగిసి, తగ్గి, ఊపిరి పీలుస్తున్నట్టుంటుంది. అందుకని డాల్బీ-ఎ అనే ఆయన పరికరం నాలుగు బ్యాండ్లు పెట్టింది: 80 హెర్ట్జ్‌కు దిగువ, 80 నుంచి 3000, 3000కు పైన, 9000కు పైన. చివరి రెండూ ఒకదానిమీద ఒకటి పడుతున్నాయన్నది గమనించారా? రొద బాధ ఎక్కువ అక్కడే మరి.

చీల్చడం సులువే. అతుకే కష్టం. 1976లో ఇంజనీరు సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ చూపిన దారి నేటికీ పనికొస్తోంది. సరిహద్దు దగ్గర రెండు పాయలూ సరిగ్గా సగం ఎత్తులో, ఒకే అడుగులో కలిస్తే గుంటా మిట్టా లేకుండా అతుక్కుంటాయి. అయితే తరంగాల కాలక్రమం కాస్త మెలిపడుతుంది. ఆ మెలిక ఉండకూడదని లీనియర్ ఫేజ్ ఫిల్టరు పెడితే, మృదంగం దెబ్బకు ముందే దాని నీడ లాంటి సన్నని మోత వచ్చే ప్రమాదముంది. ముందే వినిపించే ఆ నీడ నాకు మెలికకన్నా ఎక్కువ చికాకు.

గొంతు విషయంలో ఒక్క పాయ చాలు. తెలుగు పాటలో 'శ', 'ష', 'స' చెవిని గీరుతాయి. డీ-ఎస్సర్ అనే పరికరం ఆ అక్షరం పలికిన క్షణంలో, ఎక్కువగా 5000 నుంచి 8000 హెర్ట్జ్ ప్రాంతాన్ని మాత్రమే అణుస్తుంది. అతిగా అణిస్తే గాయని నాలుక మందమైనట్టు వినిపిస్తుంది.

బ్యాండ్లన్నీ తెరిచి ప్రతిదాన్నీ గట్టిగా అణిచిన పాటలు రోజూ వింటున్నాం. అన్ని అంతస్తులూ ఎప్పుడూ నిండుగా ఉంటాయి. పల్లవికీ చరణానికీ తేడా తెలియదు. నేనైతే ముందు ఫేడరు జరిపి చూస్తాను, తర్వాత ఈక్యూ. అప్పటికీ గుమ్ము గొంతును కదిలిస్తుంటేనే చీలుస్తాను. చీల్చాక సోలో మీట నొక్కి ఒక్కో పాయనే వింటాను. నడిమి పాయ ఒంటరిగా మోగినప్పుడు అచ్చం ఏక్‌బాల్‌పూర్ హార్నులాగే ఉంటుంది, మాట మాత్రం ఒక్కటీ పోదు.