గౌతమి గట్టున కెమెరా

1839 ఉప్పెన కోరంగి రేవును తుడిచిపెట్టింది. అదే ఏడాది పారిస్‌లో డాగెర్ ఫొటో పద్ధతి లోకానికి వెల్లడైంది. కొద్దిలో తప్పిపోయింది! ఉప్పెనకు ముందున్న కోరంగిని ఏ కెమెరా చూడలేదు. అందుకే, పక్కనే ఉన్న యానాంను ఇప్పుడు ఓపిగ్గా ఫొటోలు తీస్తున్నవాళ్ళంటే నాకు గౌరవం.

1723లో ఫ్రెంచివారు వర్తకానికి దిగిన ఊరిది. మధ్యలో ఆంగ్లేయుల చేతికి చిక్కినా, 1954 దాకా ఫ్రెంచివారిదే. అమలాపురం నుంచి వెళ్ళేవాళ్ళు వంతెన రాకముందు ఎదుర్లంకలో పంటు పడవ ఎక్కి గౌతమి దాటేవారు. వంతెన మీంచి తీస్తే నది వెడల్పు తెలుస్తుంది గానీ, నది మీద బతుకు తెలియదు. దానికి గట్టు దిగాలి.

పనితనమంతా అక్కడే. పోటు ఎప్పుడో, పాటు ఎప్పుడో తెలియాలి. పాటు వేళ పడవలు బురదలో ఒరిగి, అడుగు చెక్కల అతుకులు కనిపిస్తాయి. సున్నం వేసిన పాత గోడ ఎండలో ఉంటే కెమెరా దాన్ని బూడిదరంగు చేస్తుంది, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచాలి. వరదకు ఎర్రనీరు దిగి పులస వేట మొదలయ్యాక, లెన్సు ఎత్తే ముందు వల లాగేవాళ్ళను అడగాలి. వాళ్ళకది పని వేళ.

నాకు అన్నిటికన్నా నచ్చేది, మంచి ఫొటోగ్రాఫర్లు తేదీ, రేవు పేరు, పడవ కట్టిన మేస్త్రి పేరు కూడా రాసిపెట్టుకోవడం.