మూలుగా, కొవ్వా, బొడ్డుతాడా?

అల్లూరి సీతారామరాజు జిల్లా పాడేరు వైపు కొండల్లో రోడ్డు లేని గూడేలకు బియ్యం, ఉప్పు గుర్రాల వీపు మీదే ఎక్కుతుంటాయి. ఊరికే నిలబడ్డప్పుడే గుర్రం ఒంటి బరువులో 60 శాతం దాకా ముందుకాళ్లే మోస్తాయి. పైన బస్తా, కింద రాళ్ల దిగుడు అయితే ఇక చెప్పేదేముంది! కీలులోని మృదులాస్థికి రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. అందుకే అరిగినా తొందరగా తెలియదు, అరిగాక మానదు. కుంటితే బరువు దింపి, గిట్టలు సరిచేసి, విశ్రాంతి ఇవ్వడమే కొండమీది వైద్యం. మలక్‌పేట రేసు గుర్రానికీ కీలు అరిగితే మానని తీరు ఇదే.

అరిగినదాన్ని ల్యాబ్‌లో పెంచి అతికించగలమా అన్నది శాస్త్రవేత్తల పట్టుదల. అందుకు మూలకణాలు ఎక్కడివి తేవాలి?

మూలుగ కావాలంటే నిలబడ్డ గుర్రానికి మత్తిచ్చి రొమ్ముఎముకలోకి సూది దించుతారు. కొవ్వయితే తోక మొదట్లో చిన్న కోత చాలు. బొడ్డుతాడు రక్తం పిల్ల పుట్టిన నిమిషాల్లోనే పట్టాలి. గుర్రాలు ఎక్కువగా ఈనేది రాత్రిపూట, అప్పుడు సంచి పట్టుకుని కూర్చునేదెవరు?

ఏ కణాలు మృదులాస్థిగా మారతాయో తేల్చే పరీక్ష మాత్రం చూడముచ్చటగా ఉంటుంది. లక్షల కణాలను మొన తేలిన గొట్టంలో పోసి గిర్రున తిప్పితే అడుగున ముద్దకడతాయి. ఎదుగుదల ప్రొటీన్ కలిపిన ద్రవంలో కొన్ని వారాలు ఉంచితే ఆవగింజంత తెల్లటి ఉండ తయారవుతుంది. దాన్ని పలచగా కోసి సాఫ్రనిన్ రంగు పూస్తారు. ఎర్రబడితే మృదులాస్థి పదార్థం పట్టినట్టే.

2008లో కొలరాడో పరిశోధకులు పోల్చిచూస్తే కొవ్వు కణాల కన్నా మూలుగ కణాలే మేలనిపించుకున్నాయి. మరుసటి ఏడాది కెనడాలోని గ్వెల్ఫ్‌లో బొడ్డుతాడు రక్తం మూలుగనూ దాటేసింది. అయితే గొట్టంలో గెలుపు కీలులో గెలుపు కాదు. గొట్టంలో ఉండ మీద బరువేమీ పడదు. పైగా మూలుగ కణాలకు ఎముకగా మారే బుద్ధి ఒకటుంది.

2019లో యూరప్ అనుమతించిన రెండు గుర్రపు మూలకణ మందుల్లో మూలుగా లేదు, కొవ్వూ లేదు. ఒకటి దాత గుర్రం రక్తం నుంచి, రెండోది బొడ్డుతాడు నుంచి వచ్చాయి. పరాయి గుర్రం కణాలైతే ముందే పెంచి సిద్ధంగా ఉంచుకోవచ్చు. ఆ అనుమతి కూడా కుంటు తగ్గించడానికే, పోయిన మృదులాస్థిని మొలిపిస్తాయని కాదు. సూది వేయించే యజమానులు ఈ తేడాను ముందే అడిగి తెలుసుకోవాలి.