గరుకు పూసల పని

ప్లాస్టిక్ పూసల్ని నున్నగా చేయడం పెద్ద విద్యేం కాదు. నీళ్లలో స్టైరీన్ వేసి, ఆక్సిజన్ పోయేదాకా నైట్రోజన్ పంపి, 70 డిగ్రీల వేడి మీద చిటికెడు పొటాషియం పెర్‌సల్ఫేట్ కలిపి తిప్పుతూ ఉంటే చాలు. కాసేపటికి నీళ్లలో లేత నీలి ఛాయ తొంగిచూస్తుంది. కణాలు పుట్టాయన్నమాట. ఆ పైన చూస్తుండగానే తెల్లగా చిక్కబడుతుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా లేని పూసలు, అన్నీ ఇంచుమించు ఒకే సైజులో!

తంటా అంతా గరుకు కావాలన్నప్పుడే. తలతన్యత ఎత్తుపల్లాల్ని ఊరుకోనివ్వదు, చదును చేసేదాకా నిద్రపోదు. అందుకే పెద్ద పూసకు ఒక విద్యుదావేశం, బుల్లి పూసలకు దానికి వ్యతిరేకమైనది ఇచ్చి కలుపుతాం. బుల్లివన్నీ వచ్చి పెద్దదాన్ని కప్పేస్తాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే అచ్చం మా ఉద్దానం ప్రాంతపు పనసకాయే. ఫొటోకి బాగుంటుంది. సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి కడిగితే సగం బొడిపెలు ఊడి నీళ్లలో కలుస్తాయి. ఊడకుండా ఉండాలంటే కాస్త మెత్తబరిచి అతికించాలి. ఆ కాస్త ఎక్కువైందా, బొడిపెలు లోపలికి ఇంకి పూస మళ్లీ నున్నన. పరిశోధన పత్రాల్లో ఫొటోలు చూసి మురిసిపోయేవాళ్లను నేనడిగేది ఒకటే: కడిగాక తీసిన ఫొటో ఏదీ?

ఈ పూసలు దేనికని ఉద్దానంలోని మా కవిటిలో ఎవరైనా అడిగితే పెయింట్ల సంగతి ఎత్తను, రక్తపరీక్ష సంగతి చెప్తాను. కిడ్నీ జబ్బు పాతుకుపోయిన మా వైపు, ఆ జబ్బు జాడ చెప్పే క్రియాటినిన్ అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ అంకె కోసం ఎదురుచూడని వీధి ఉద్దానంలో అరుదు. కానీ క్రియాటినిన్ పుట్టేది కండలోంచి. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో కూలికెళ్లే బక్కపల్చటి మనిషిలో కండే తక్కువ కాబట్టి, కిడ్నీ దెబ్బతింటున్నా ఆ అంకె మామూలుగానే కనిపించొచ్చు. సిస్టాటిన్-సి అనే ప్రోటీన్‌కు కండతో అంత లంకె లేదు. క్రియాటినిన్ లెక్క అనుమానంగా ఉన్న కొన్ని సందర్భాల్లో దీన్ని కూడా కొలవమని 2012 నాటి అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలు సూచించాయి. ఖర్చు మాత్రం క్రియాటినిన్ కంటే ఎక్కువే.

దాన్ని కొలిచే ఒక పద్ధతి పూసలతోనే. పాలీస్టైరీన్ పూసలకు యాంటీబాడీలు అంటించి సీరంలో కలుపుతారు. సిస్టాటిన్ దొరికిన చోటల్లా పూసలు గుంపులు కడతాయి, ద్రవం మసకబారుతుంది. ఆ మసకనే యంత్రం కొలుస్తుంది. ఉపాయం పాతదే: 1956లో సింగర్, ప్లాట్జ్ కీళ్లవాతం పరీక్షకు ఇలాగే పాలీస్టైరీన్ పూసల్ని వాడారు.

మరి ఇక్కడ గరుకెందుకు? యాంటీబాడీలు కూర్చోడానికి చోటు పెరుగుతుంది. నిజమే, కానీ అక్కర్లేని ప్రోటీన్లూ ఆ సందుల్లోనే దూరి కూర్చుంటాయి. చోటు పెరిగిందని గొప్పలు పోవడం నాకు నచ్చదు. నాకు ఆశ పుట్టించేది వేరొకటి. రెండు నున్నటి పూసలు దగ్గరైతే వాటి ముఖాలు దగ్గరదగ్గరగా ఆనుకుంటాయి, ఆకర్షణ గట్టిగా పట్టేస్తుంది. బొడిపెలుంటే మొనలే తగులుతాయి, పట్టు సడలుతుంది. ఆ సడలింపు నిల్వలో అక్కరకొస్తుందేమోనని నా ఆశ. పరీక్షకు వాడే పూసల ద్రవాన్ని, అంటే రీఏజెంట్‌ను, 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి. పొరపాటున ఫ్రీజర్‌లో గడ్డకట్టిందంటే పూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఎంత కుదిపినా విడవవు, సీసా పారేయాల్సిందే. గరుకు పూసల్ని గడ్డకట్టించి, కరిగించి, ఎన్ని విడివడతాయో లెక్కపెట్టడమే ప్రస్తుతం నా పని.