ఆసుపత్రి గౌను

మతి చెదిరినవాళ్ళను మన సినిమాలు చాలావరకు నవ్వుకోవడానికే వాడుకున్నాయి. ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి పేరెత్తితే చాలు, హాల్లో నవ్వులు. వాళ్ళ మీద జాలి పుట్టించే కథలూ ఉన్నాయి. మంచివాడు ఏమీ చేయకుండా కూర్చోవడం కూడా నేరమేనని చూపించే కథలు మాత్రం అరుదు. అంతోన్ చెహోవ్ 1892లో అచ్చువేసిన ‘ఆరో నంబరు వార్డు’ అలాంటిది.

చెహోవ్ స్వయానా డాక్టరు. అంతకు రెండేళ్ళ ముందే సఖాలిన్ దీవికి వెళ్ళి ఖైదీల బతుకులు కళ్ళారా చూసొచ్చాడు. అయినా కథలో ఎక్కడా గొంతు పెంచడు. దురదగొండి మొక్కల మధ్య సన్నటి దారిలో మనల్ని ఆ పిచ్చివాళ్ళ వార్డుకు వెంటబెట్టుకుని వెళ్తాడు. తలుపు తీయగానే చిరిగిన పరుపులు, పాత గౌన్లు, నీలిచారల చొక్కాలు కుప్పగా కుళ్ళుతుంటాయి. దాని మీద పైపు నోట్లో పెట్టుకుని కాపలాదారు నికీతా పడుకుని ఉంటాడు. వాడు దుర్మార్గుడని చెహోవ్ అనడు. క్రమశిక్షణంటే వాడికి ప్రాణమనీ, తన్నకపోతే ఇక్కడ పద్ధతి ఉండదని నమ్ముతాడనీ చెప్పి ఊరుకుంటాడు. తిట్టిపోసినా ఇంత గట్టిగా తగిలేది కాదు.

ఆసుపత్రి పెద్ద డాక్టరు రాగిన్ మంచివాడే. చదువుకుంటాడు, వోద్కా తాగుతాడు, ఉప్పులో ఊరిన దోసకాయ నంజుకుంటాడు. ఆసుపత్రిలో దొంగతనాలు జరుగుతాయని తెలుసు, అడగడు. రోగుల్లో గ్రోమొవ్ అనే తెలివైనవాడు కనిపిస్తే వెళ్ళి కబుర్లలో పడతాడు. మనశ్శాంతి మనలోనే ఉంది, నా వెచ్చటి గదికీ ఈ వార్డుకీ తేడా లేదు అంటాడు. చిన్నప్పుడు మిమ్మల్నెవరైనా కొట్టారా అని గ్రోమొవ్ అడుగుతాడు. లేదంటాడు డాక్టరు. నా దృష్టిలో కథకు మూలకందం ఆ ప్రశ్నే.

పిచ్చివాడితో మాట్లాడే డాక్టరు మీద ఊళ్ళో గుసగుసలు మొదలవుతాయి. పెద్దలు కూర్చుని ఇవాళ ఏ వారం, ఏడాదికెన్ని రోజులు అని ఆయన్నే పరీక్షిస్తారు. (తర్వాత వచ్చే రాగిన్ ప్రయాణం భాగం కాస్త సాగిందనే నాకనిపిస్తుంది.) చివరికి చిన్న డాక్టరు ఖోబొతొవ్ ఒక రోగిని చూద్దామని వార్డుకు పిలుచుకొచ్చి, స్టెతస్కోపు తెస్తానని జారుకుంటాడు. నికీతా బట్టలు పట్టుకొస్తాడు. లాగు పొట్టి, చొక్కా పొడుగు, గౌనుకు పొగచేప కంపు. కోటు వేసుకున్నా, ఈ గౌను వేసుకున్నా ఒకటేనని రాగిన్ తనకు తాను చెప్పుకుంటాడు. మరి గడియారం? సిగరెట్లు? ఇన్నేళ్ళ తత్వశాస్త్రం జేబు దగ్గర బోల్తా పడుతుంది. ఉపన్యాసం దంచాల్సిన చోట చెహోవ్ జేబు వెతికించి సరిపెట్టాడు. పనితనమంటే అదీ.

ఆ రాత్రి బయటికి వెళ్ళనిమ్మని అడిగినందుకు నికీతా రాగిన్ మొహం మీద గుద్దుతాడు. నోట్లో ఉప్పటి రుచి తగిలాక గానీ గ్రోమొవ్ ప్రశ్నకు జవాబు దొరకదు. వీళ్ళు ఏళ్ళ తరబడి రోజూ ఇదే అనుభవించారనీ, ఇరవై ఏళ్ళకు పైగా తాను తెలుసుకోలేదనీ, తెలుసుకోవాలనీ అనుకోలేదనీ అప్పుడు అర్థమవుతుంది. మర్నాడు పక్షవాతంతో పోతాడు. నికీతాను గానీ ఖోబొతొవ్‌ను గానీ కథలో ఎవరూ నిలదీయరు.

రెండు గంటల్లో చదివేయగల కథ. కుదిరితే రెండుసార్లు చదవండి, రెండోసారి రాగిన్ ప్రతి మంచిమాట దగ్గరా ఆగుతూ.