తెలుఁగు ధాతువుల పూర్వరూపములు

లాతీనమునకు మాతృకయైన ప్రాచీనభాషలో నొక్క పంక్తియు వ్రాఁతలోఁ జిక్కలేదు. అయినను భాషాశాస్త్రజ్ఞులు దాని క్రియలకుఁ బూర్వరూపముల నూహించి, నక్షత్రచిహ్న ముంచి వ్యవహరించుచున్నారు. ఆ పద్ధతిని మన ధాతువులకు విపులముగా నన్వయించినవారు భద్రిరాజు కృష్ణమూర్తిగారు. వారి 'తెలుగు వెర్బల్ బేసెస్' 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారిచేఁ బ్రకటితమైనది. ఇట్టి నక్షత్రరూపములు గాలిమేడలని నేనును జాలకాల మనుచుంటిని.

తెనాలిలో బాలవ్యాకరణపాఠము చెప్పుచుండఁగా నొక విద్యార్థి "కన్నడమందలి 'కెడు' మన 'చెడు' ఒక్కటే కాదా?" యని యడిగెను. "అక్షరసామ్యము చూచి చుట్టఱికము కలుపరా"దని కూర్చుండఁబెట్టితిని. తప్పు నాదే. కన్నడమందును, అరవమందును 'కెడు', తెలుఁగునందు 'చెడు'. 'చేయు'నకో, ప్రాచీనకన్నడమందు 'కెయ్', అరవమందు 'చెయ్'. ఇకార ఎకారములు పరమగునపుడు తెలుఁగున కకారము చకారమైనది. అరవమునను అంతే; కాని యా యచ్చునకుఁ బిదప మూర్ధన్య మున్నచోఁ గాలేదు. దీనిని బరో పండితుఁడు 1943లో నిరూపించెను. అరవము 'చెయ్' అనుచు 'కెడు' అనుట కిదియే హేతువు. ఇంత నియతమైన భేదము కాకతాళీయ మనుటకు వీలులేదు.

సంస్కృతమున నిట్టిదే కలదు. కృధాతువు లిట్టునందు 'చకార' యగునపుడు అభ్యాసకకారమునకుఁ జకారమును బాణిని (7-4-62) విధించెను. ఏల యని చెప్పలేదు. అది యాతని పనియుఁ గాదు. లాతీనమందలి 'కెకినీ' (పాడితిని) అను క్రియలో అభ్యాసాచ్చు ఎకారము. సంస్కృతమునను అచట నొకప్పు డెకారమే యుండి, కకారమును దాలవ్యముగా మార్చి, పిదపఁ దాను అకారమైనదని 1870 దశకమునఁ దేలినది. మన 'చెడు'నకును ఆ 'చకార'కును జుట్టఱికము లేదు గాని, రెంటను బనిచేసిన దొక్క యుచ్చారణధర్మమే.

ఇఁక నా యాక్షేపము. మన 'గిల్లు'నకు అరవమందు 'కిళ్ళు'. నియమము చొప్పున మనకు 'చిల్లు' రావలెను. (చిల్లు నియమమునకే పడినదని పరిహసింపవచ్చును.) కకారము ముందే గకారమైనందునఁ దప్పించుకొన్నదని సమాధానము చెప్పవచ్చును. అంగీకరింతము. కాని 'చెడు'నందుఁ గాని గకారము 'గిల్లు'నం దేల యయ్యెను? ఆ విభాగమునకు నిమిత్తము చూపినఁ గాని పాణినీయులకుఁ దృప్తి కలుగదు. అపవాదమునకు సయితము లక్షణము చెప్పుట మా సంప్రదాయము.

ఇప్పుడు పాఠము చెప్పునపుడు 'కెడు', 'చెడు' బల్లపైఁ బ్రక్కప్రక్కన వ్రాయుచున్నాను. వాని క్రింద 'గిల్లు'ను గూడ వ్రాసి యుంచుచున్నాను.