ఆగే రోజు లెక్క: ముందుమాట

పత్తి ఏరుడు మొదలైతే ఆదిలాబాద్, జమ్మికుంట యార్డుల ముందు బండ్లు బారులు తీరుతాయి. పత్తిలోకి తేమ మీటరు గుచ్చి చూస్తారు. 8 శాతం లోపుంటే భారత పత్తి సంస్థ (సీసీఐ) దగ్గర పూర్తి మద్దతు ధర. 12 దాటితే అక్కడ కొనరు. పక్కనే వ్యాపారి ఒక ధర చెప్తాడు. ఇచ్చెయ్యాలా, బండి మలుపుకొని పోవాలా? నా శిష్యురాలు రాసిన ఈ పుస్తకం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది. సంభావ్యతా శాస్త్రంలో ఎప్పుడు ఆగాలో చెప్పే శాఖ మీద తెలుగులో ఇంత వివరంగా నేను చదవడం ఇదే మొదలు.

ఈ శాఖకు పునాది వేసినవాళ్ళలో అబ్రహాం వాల్డ్ ముఖ్యుడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, ఎన్ని నమూనాలు చూడాలో ముందే ఖాయం చేసుకోకుండా, ఒక్కొక్కటే చూస్తూ సాక్ష్యం చాలగానే ఆపే పద్ధతి కట్టాడు. 1947లో దానిమీద పుస్తకం తెచ్చాడు. 1950 డిసెంబరులో మన దేశంలో ఉపన్యాసాలకు వచ్చి, నీలగిరి కొండల్లో విమానం కూలి చనిపోయాడు.

వరసగా వచ్చేవాళ్ళలో ఒకరిని ఎంచుకోవాలంటే, మొదటి 37 శాతం మందిని చూసి వదిలేసి, ఆపైన వాళ్ళందరికన్నా మెరుగైనవాళ్ళు రాగానే ఎంచుకొమ్మనే ప్రసిద్ధ సూత్రాన్ని రచయిత్రి త్వరగా ముగించింది. మంచి పని, అది రైతుకు అంతగా సరిపోదు. రైతుకు ధరల తీరు కొంత తెలుసు. అన్నిటికన్నా పెద్ద ధరే కావాలని అతను పట్టుబట్టడు.

నాకు బాగా నచ్చింది నాలుగో అధ్యాయం. క్వింటాలు ధర ఏ రోజైనా 7,000, 8,000 మధ్య ఎక్కడైనా సమాన అవకాశంతో పలకొచ్చనుకుందాం. నిన్నటి ధర ఇవాళ దొరకదు. ఒక్కరోజు ఆగితే మిత్తి, తరుగు, కిరాయి కలిపి క్వింటాలుకు 20 రూపాయలు. అప్పుడు హద్దు 7,800: ధర అంతకు తగ్గితే ఆగాలి, లేకుంటే అమ్మాలి. రేపు అంతకు మించి వచ్చే అవకాశం ఐదింట ఒకటి, వస్తే సగటున 100 ఎక్కువ; ఆశించేది 20, ఖర్చూ 20. అదే ఖర్చు 80 అయితే హద్దు 7,600కు దిగుతుంది. అప్పున్న రైతు తక్కువకే అమ్మితే ఓపిక లేదనే మాట ఏళ్ళుగా వింటూ బాధపడ్డాను. అతని లెక్క సరైనదేననీ, ఆ 200 తేడా ఆగుడు ఖర్చుదేననీ ఈ పిల్ల రుజువు చేసింది. అమ్మక తప్పని గడువు దగ్గరపడే కొద్దీ హద్దు దిగుతుందనీ, మద్దతు ధర ఖాయంగా దొరికితే అంతగా దిగదనీ కూడా చూపింది. అసలు ధరలు ఒకరోజుకొకరోజు సంబంధం లేకుండా ఉండవన్న సంగతిని దాచలేదు.

ఎప్పుడు ఆగాలన్నదాని మీద గణితజ్ఞుడు స్నెల్ 1952లో సాధించిన ఫలితం ఉన్న అధ్యాయం మాత్రం బరువుగా ఉంది. కరీంనగర్, ఆదిలాబాద్ డిగ్రీ పిల్లలు దాన్ని పెన్సిల్ పట్టుకుని మెల్లగా చదవాలి. రెండో ముద్రణలో అక్కడ మక్కల ధర మీద ఒక ఉదాహరణ చేర్చమని అడిగాను, రాస్తానంది.